ఏం చేస్తుంటారమ్మా?

బొటనవేలి కట్టు తడవకుండా ఎడమచెయ్యి పైకెత్తి పట్టుకుని, ఒంటిచేత్తో గిన్నెలు తోముతోంది ఆవిడ. సబ్బు గిన్నె పట్టుకోబోతే జారిపోతోంది. "ఒక చెయ్యి బాగానే ఉందిగా, నెమ్మదిగా కానియ్," అన్నాడు భర్త ముందుగదిలోంచి, ఎంతో ఉదారంగా.

నలభై దాటాక ఆవిడకి వడ్రంగం మీద మనసుపడింది. కాలేజీలో చేరింది. వారంలో సగం రోజులు తరగతిలో చదువు, మిగతా సగం కుర్చీలూ బల్లలూ చేసే ఒక షెడ్డులో పని. "ఈ వయసులో ఉలి పట్టుకుంటుందట మా మహాతల్లి," అని అత్తగారు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. నవ్వితే నవ్వనీ. చిత్రిక పడుతుంటే చెక్కపొర ఉంగరాలు తిరుగుతూ పాదాల మీద రాలుతుంది చూడండి, ఆ సుఖం ముందు ఎవరి వెటకారం ఏపాటిది? ఇన్నేళ్ళుగా ఆవిడ చేసిన ప్రతి పనీ సాయంత్రానికల్లా మాయమైపోయేది. బల్ల అలా కాదు, చేసినచోటే నిలబడి ఉంటుంది.

"షెడ్డులో ఉన్నంతసేపూ మీరు విద్యార్థులే కాదు, పనివాళ్ళు కూడా," అని టీచరమ్మ మొదటిరోజే చెప్పింది. "దెబ్బ తగిలితే వైద్యం ఖర్చూ పరిహారమూ మిగతా పనివాళ్ళకి వచ్చినట్టే మీకూ షెడ్డు బీమా కింద వస్తాయి." పరిహారం సంగతి ఆవిడ చెవికెక్కనేలేదు. పనివాళ్ళు అన్న ఆ ఒక్క మాటనే బస్సులో ఇంటిదాకా మనసులో చప్పరించుకుంటూ వచ్చింది.

రంపం మిషను దగ్గర వేలు తెగిన రోజు, ఆస్పత్రి కౌంటరులో పిల్ల "ఏం చేస్తుంటారమ్మా?" అని అడిగింది. బ్యాంకులో, పిల్లల బడిలో, పెళ్ళి పందిట్లో చెప్పిచెప్పి అరిగిపోయిన జవాబు దానంతటదే నోట్లోంచి జారింది. "ఏం చెయ్యనమ్మా, ఇంట్లోనే ఉంటాను." ఇంకేముంది, దెబ్బ ఇంట్లోనే తగిలిందని రాసేసుకుంది ఆ పిల్ల. ఇది మా కిందికి రాదన్నారు బీమావాళ్ళు.

భర్తకి నెత్తిన పాలు పోసినట్టయింది. "ఖర్చంతా నా మీదే పడిందిగా, ఇక చాలు, మానెయ్. అయినా నువ్వన్నదాంట్లో అబద్ధమేముంది?"

ఆ చివరి మాట ఆవిడని నిద్రపోనివ్వలేదు. వంటింట్లో ఎన్నిసార్లు తెగలేదు, ఎన్నిసార్లు కాలలేదు? ఎక్కడ తగిలిందని ఒక్కనాడైనా ఎవరైనా అడిగారా? గుడ్డపీలిక చుట్టుకుని వంట ముగించేది, అంతే. ఇప్పుడేమో చెక్కవాసన కోసం ప్రాణం లాగేస్తోంది. తను మొదలుపెట్టిన స్టూలు షెడ్డు మూల మూడు కాళ్ళతో ఉండిపోయింది. నాలుగో కాలు ఇంకెవరైనా బిగించేస్తారేమోనని ఒకటే దిగులు.

పొరపాటు దిద్దించుకోవచ్చని టీచరమ్మ చెప్పింది. సాక్ష్యం నేను చెబుతానన్నాడు షెడ్డు మేస్త్రీ. కానీ మొదటి మాట ఆవిడ నోటితోనే రావాలట.

గిన్నెలు సగంలో వదిలేసి, చెయ్యి తుడుచుకుని, ముందుగదిలోకొచ్చి భర్త ఎదురుగానే ఫోను చేసింది. అవతల బీమా ఆఫీసు గుమాస్తా.

"ఏం చేస్తుంటారమ్మా?"

పాత జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"వడ్రంగం పని చేస్తానండి."

"మరి ఇంట్లోనే ఉంటానని చెప్పారుగా?"

"ఇంట్లోనూ పని చేస్తానండి. అక్కడ తగిలిన దెబ్బలకి మీ దగ్గర బీమా లేదు. ఈ దెబ్బ మాత్రం షెడ్డులో తగిలింది. రాసుకోండి."