నడుమ భాగం

ఆళ్లగడ్డలో నాయన వదిలిపోయిన ఎరువుల అంగడిని అన్నదమ్ములిద్దరూ చెరిసగం పంచుకున్నారు. మధ్యలో గోడ కూడా లేచింది. ఇంటి ముందుగదిలో ఉన్న కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి పంపకం ఆగిపోయింది. పెద్దోడు హరీశ్ బిల్లులన్నీ విండోస్‌లో ఉన్నాయి. చిన్నోడు పవన్‌కు నంద్యాలలో నేర్చుకుంటున్న కోర్సు కోసం లినక్స్ కావాలి. నాయన కొన్నదాన్ని వదులుకోవడానికి ఇద్దరిలో ఒక్కడూ ఒప్పుకోడు. మాటలు లేవు గానీ పంతాలకేం తక్కువ లేదు.

తల్లి సుగుణమ్మ నంద్యాల నుంచి కంప్యూటర్లు బాగుచేసే సుప్రజను పిలిపించింది.

"పార్టిషన్ చెయ్యాలమ్మా," అంది సుప్రజ.

సుగుణమ్మ కంప్యూటర్‌కు అడ్డంగా నిలబడింది. "దీన్ని కూడా చీలుస్తావా పాపా? మా ఇంటాయన ఫొటోలు, మాటలు అన్నీ దాంట్లోనే ఉండాయి."

"వాటికేం కాదులేమ్మా."

సుప్రజ ముందు వాటన్నిటినీ బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, తెరిచి చూసుకుంది. ఆ తర్వాతే పని మొదలుపెట్టింది. విండోస్‌ను కాస్త కుదించి, ఖాళీ అయిన చోట లినక్స్ ఎక్కించింది. నడుమ ఇంకో భాగం చేసి నాయన ఫొటోలు, వీడియోలు అందులో పెట్టింది.

"ఇది ఇద్దరికీ తెరుచుకుంటాదమ్మా. విండోస్ ఒక్కోసారి ఆఫ్ చేసినా సగం నిద్రలోనే ఉంటాది. అప్పుడు లినక్స్‌లో పోయి దీన్ని కదిలిస్తే చెడిపోవచ్చు. అందుకే ఆ సగం నిద్ర లేకుండా సెట్టింగు తీసేసినా. ఇంగ భయం లేదు."

సుగుణమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ సెట్టింగు తీసేసినట్టు వాళ్లకు చెప్పొద్దు పాపా. పూర్తిగా ఆఫ్ చేసినారో లేదో ఒకర్నొకరు అడిగినాకే ఆన్ చెయ్యాలని చెప్పు."

సుప్రజ ఆమె మొహంలోకి చూసి తలూపింది. పోయేముందు అన్నదమ్ములిద్దరినీ నిలబెట్టి అట్లే చెప్పింది.

ఆ వారమంతా పవన్ కంప్యూటర్ దాకా రావడం, నోరు పెగలక వెనక్కి పోవడం. కోర్సు పని ఆగిపోతున్నా అడగడే! వీని మంకుపట్టు మండిపోను, వీని చదువు కూడా నేనే చెడగొడితినే అని సుగుణమ్మ లోలోపల కుమిలిపోయింది.

నాయన సంవత్సరీకం వచ్చింది. భోజనాలయ్యాక హరీశ్ బిల్లులు చూసుకుంటుంటే పవన్ వచ్చి గడపలో నిలబడ్డాడు.

"ఎప్పుడు ఆఫ్ చేస్తావ్?"

హరీశ్ తలెత్తలేదు. "ఏం పని?"

"నాయన మాట వినాల."

హరీశ్ బిల్లులు మూసేసి పక్కకు జరిగాడు. "దానికి ఆఫ్ చేసేదేందిరా? ఈడ కూడా ఉంది. కుర్చీ లాక్కో."

వంటింట్లో గిన్నెలు సర్దుతున్న సుగుణమ్మకు ముందు మొగుడి గొంతు వినిపించింది. ఆ వెనకే కొడుకులిద్దరూ ఒక్కసారే ఏడవడం వినిపించింది.