కింద డేరా

గోనె సూది గుడ్డలోంచి ఇవతలికి వచ్చేటప్పుడు ఐలవ్వ వేలిని కూడా గీరుకుని వచ్చింది. నెత్తుటి చుక్కను కొంగుకు తుడుచుకుని మళ్లీ కుట్టసాగింది. పొద్దు గూకేలోపు డేరాకు మాటు పడకపోతే ఈ పూట కూడా నెత్తిమీద ఆకాశమే. వ్యాను మీద కూర్చుని బట్టల మూటలకు తాళ్లు బిగిస్తున్న ఆమె మొగుడు పర్శరాములు కిందికి చూసి నవ్వాడు.

"ఎందుకే గంత తిప్పలు? అది మురిగిపోయింది. ఆదిలాబాద్ పోంగనే సత్తార్‌తోని కొత్తది కుట్టిద్దాం. గీసారి పైనకే."

"పైనకంటే?"

"వ్యాను మీదికి. నాలుగు దిక్కుల గట్టిగ మూసుకపోవాలె. వానకాలం వస్తది, సరుకు తడుస్తది."

"మరి నేను?"

"నీకేంది, వ్యాను కింద పర్దా గడితే ఇల్లే గద. పొయ్యి గూడ పక్కనే ఉంటది."

ఐలవ్వ సూదిని మళ్లీ గుడ్డలో గుచ్చింది. ఎదుటివాడు మొదటి మాట చెప్పగానే సరే అనేది బేరగాళ్ల పద్ధతి కాదు. కాదనేది అంతకన్నా కాదు.

మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మిన పాత వ్యానును పర్శరాములు ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో కొన్నాడు. ఉప్పు, మిరపకాయలు, బట్టలు వేసుకుని జన్నారం, ఉట్నూర్, ఇంద్రవెల్లి అంగళ్లు తిరుగుతాడు. వచ్చేటప్పుడు ఇప్పపువ్వు, సారపప్పు, బంక నింపుకుంటాడు. అంగడికీ అంగడికీ నడుమ అడవి. చీకటి పడ్డాక ఆ తొవ్వన బండి నడపరు. ఎక్కడ పొద్దు గూకితే అక్కడే ఆగాలి. ఆగిన చోట అతనికి పైన చెక్కలు పరిచిన పడక, ఆమెకు కింద డేరా. ఎక్కడానికి ఇనుప నిచ్చెన ఒకటి ఉంది. ఎక్కాక దాన్ని కూడా పైకి గుంజుకుంటాడు. దొంగలు ఎక్కుతారట.

పెండ్లయి వచ్చిన కొత్తలో ఐలవ్వ ఈ రెంటినీ తూకం వేసి చూసింది. పైన ఉంటే గాలి ఆడుతుంది, నేల తేమ తగలదు, పాములు, తేళ్లు రావు, దూరం నుంచి ఎవరు వస్తున్నారో కనబడుతుంది. కానీ ప్రతిదానికీ దిగాలి, ఎక్కాలి. కింద ఉంటే వంట దగ్గర, నీళ్లు దగ్గర, అవసరమొస్తే ఏ దిక్కుకైనా ఉరకొచ్చు. కానీ వాన కురిస్తే చాప కింద కాలువే. ఏ కొసకు మొగ్గినా ఏదో ఒకటి పోతుంది, ఏదో ఒకటి దక్కుతుంది. తీరా తూకం ముల్లు నిలబడే వేళకు అత్త వచ్చి వేలు పెట్టింది. "లచ్చిమి మీద ఆడది కాలు పెట్టొద్దు బిడ్డా. ఉప్పు లచ్చిమి, బట్ట లచ్చిమి. నువ్వు పైకి ఎక్కితే ఇల్లు కిందికి దిగుతది." ఉప్పు బస్తాను నడుముతో ఎత్తి దించేది తనే. అంగట్లో ఎండకు కూర్చుని మానికలతో కొలిచి పోసేది తనే. ఆడవాళ్ల బేరమంతా తన నోటిమీదే సాగుతుంది. పర్శరాములు అప్పుడు వ్యాను నీడకు పండుకుని ఉంటాడు. అప్పుడు ఆ లచ్చిమికి తన చేతులు అడ్డం రావు, రాత్రి తన కాళ్లే అడ్డం వస్తాయి. జీతగాణ్ని పెట్టుకుంటే బువ్వా, జీతం ఇవ్వాలి. పెండ్లాన్ని తెచ్చుకుంటే బువ్వ కూడా అదే వండిపెడుతుంది. మంచి బేరం. తనది కాదు గానీ, మంచి బేరమే.

తన ముందు ఆ డేరాలో యాదవ్వ పండుకునేది. పర్శరాములు మొదటి పెండ్లాం. ఆమె సంగతి అతను దాచలేదు, పెండ్లిచూపుల్లోనే చెప్పాడు. "పులి ఎత్తుకపోయింది. సప్పుడు గూడ కాలే. నిద్రలనే పోయింది, కష్టపడలే. పొద్దుగాల లేచి చూస్తే డేరా ఖాళీ." ఐలవ్వ బాపు అయ్యో అన్నాడు. అవ్వ కండ్లు తుడుచుకుంది. నిద్రలోనే పోయిందన్న మాట అందరికీ ఎంత ఊరటనిచ్చిందంటే, ఇంకేమీ అడగాలని ఎవరికీ తోచలేదు.

బూడిద చల్లే అలవాటు ఐలవ్వది. పుట్టింట్లో దొడ్డి చుట్టూ చల్లేవాళ్లు. పొద్దున లేచి చూస్తే పాము వచ్చిందా, పిల్లి వచ్చిందా అచ్చు పడి ఉంటుంది. ఈ ఎండాకాలం అడవి పాములు బయటికి వస్తున్నాయని పొయ్యిలో బూడిద చల్లారగానే డేరా చుట్టూ, వ్యాను చుట్టూ పలచగా చల్లడం మొదలుపెట్టింది.

మొదటి తెల్లవారి పాము జాడ లేదు. అడుగులున్నాయి. డేరా వాకిట్లోంచి బయలుదేరి నేరుగా వ్యాను పక్కకు పోయిన ఆడమనిషి అడుగులు. తనవే అనుకుంది. పనిచేసి పనిచేసి నిద్రలో కూడా లేచి తిరుగుతున్నానా అనుకుంది. తర్వాత తేరిపార చూసింది. తన మడమలు పగిలినవి. బూడిదలో పెడితే ఎండిన చెరువు అడుగులా గీతలు పడతాయి. ఇవి నున్నటి మడమలు. పోయిన అడుగులే తప్ప తిరిగి వచ్చినవి లేవు. పైగా వ్యాను దగ్గర ఆగిన చోట మడమల అచ్చే లేదు. వేళ్లు మాత్రం లోతుగా దిగి ఉన్నాయి.

తర్వాతి మజిలీలో కూడా అంతే. చోటు మారింది, తొవ్వ మారింది, అడుగులు మాత్రం డేరాలోంచి వ్యానుకే.

పర్శరాములు నిచ్చెన దిగుతూ ఆ బూడిదను చూశాడు. నడి మెట్టు మీదే ఆగాడు.

"ఎవలు సల్లమన్నరే దీన్ని? పీడ! ఊడ్చెయ్యి!"

"పాములకని సల్లిన. ఏమైంది?"

"ఏమైందంటే? నేను సెప్పిన్నా సల్లుమని? ఊడ్చు ముందు!"

అచ్చులు ఎవరివని అతను అడగలేదు. అంత కోపంలో కూడా వాటిని తొక్కకుండా పక్కనుంచి తిరిగి పోయాడు. కొనేవాడు సరుకును చూడకుండా ధర ఒప్పుకుంటే దానర్థం ఒక్కటే. వాడు ముందే చూసి ఉన్నాడు.

ఆ వారం ఉట్నూర్ తొవ్వలో చక్రం పంచరయింది. ఐలవ్వ వచ్చిన నాటినుంచీ వ్యాను పక్కకు బిగించి ఉన్న అదనపు చక్రాన్ని విప్పి వేశాడు. పంచరైనదాన్ని వెనకాల ఇప్పపువ్వు బస్తాల మీద పడేశాడు. ఎన్నడూ కనబడని ఆ పక్క రేకు మొదటిసారి బయటపడింది. అప్పటికే పొద్దు వాలింది. వంట, అంట్లు, మూటలు. ఐలవ్వ దాన్ని చూడలేదు. అతను ఊడ్చెయ్యమన్నా వినకుండా ఆ సాయంత్రం కూడా బూడిద చల్లి పండుకుంది.

వెలుగు పడేసరికి అడుగులు వచ్చి ఉన్నాయి. ఆ చక్రం విప్పిన చోటి ముందే ఆగి ఉన్నాయి. ఐలవ్వ వాటి వెంట నడిచింది. ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు. ఆ వేళ్ల గుంతల్లో తన వేళ్లు పెట్టింది. అవి పడాలంటే మునికాళ్ల మీద నిలబడాలి. నిలబడింది. మునికాళ్ల మీద నిలబడ్డ మనిషి చేతులు పైకి పోకుండా ఉండవు. ఎత్తింది. వేళ్ల కొసలకు రేకు మీద గరుకు తగిలింది.

గీతలు. పచ్చ రంగును చీల్చుకుని ఇనుము దాకా దిగిన గోటి గీతలు, తుప్పు పట్టి ఎర్రబడ్డాయి. ఒకచోట గాజు గీసుకున్న వంకర గీత. అన్నీ పైనుంచి కిందికే. చక్రం వీటిని కప్పడానికి తర్వాత బిగించిందే. వాటికి జానెడు పైన, అందీ అందని ఎత్తులో, నిచ్చెన తగిలించే కొక్కెం.

ఐలవ్వ చాలాసేపు చేతులు దించలేదు. నిద్రలో పోయిన మనిషి ఇంత దూరం ఉరికిరాదు. ఉరికివచ్చి, అరవకుండా ఉండదు. అరిస్తే నిలువెత్తు పైన పండుకున్నవాడికి వినబడకుండా ఉండదు.

తల ఎత్తి చూసింది. పర్శరాములు మేలుకునే ఉన్నాడు. పైన మూటల మధ్యలోంచి ఆమెనే చూస్తున్నాడు. నిచ్చెన అతని పక్కన ఉంది.

"యాదక్క డేరాల పోలే" అంది ఐలవ్వ. "గిక్కడి దాక వచ్చింది."

అతను జవాబిచ్చినప్పుడు గొంతులో ఏడుపు లేదు, అరుపు లేదు. గిట్టుబాటు కాని ధర ఎందుకు గిట్టుబాటు కాదో చెప్పేవాడి గొంతు.

"నిచ్చెన ఏస్తే అది గూడ ఎక్కేది. ఇద్దరం పోయేటోళ్లం. ఒకరన్న దక్కినం. నువ్వే లెక్క చూసుకో."

"పిల్చిందా?"

"పిల్చింది."

అడవిలో ఎక్కడో నెమలి అరిచింది. అతను ఉలిక్కిపడి మూటను పట్టుకున్నాడు.

"ఇప్పుడు గూడ వస్తది" అన్నాడు నెమ్మదిగా. "పిలువది. చేతులెత్తి నిలవడ్తది, గంతే. నువ్వు గిప్పుడు నిలవడ్డట్టు. పొద్దుగాల దాక నన్నే చూస్తది. అందుకే గద నాలుగు దిక్కుల మూసేటట్టు కుట్టియ్యమంటున్న. నీకేం గాదు, నిన్నేమనది. నువ్వు పండుకున్నంక నీ డేరాలకెల్లే వస్తది."

ఐలవ్వ చేతులు దించింది. ఇన్నాళ్లూ తన పక్కనుంచి లేచి పోతున్న ఆ మనిషి గురించి ఆలోచించింది. భయపడదామని చూసింది గానీ భయం ఆ దిక్కుకు పోలేదు. చచ్చిన మనిషి తన చాప పక్కనుంచి నడిచిపోయి తనను ఒక్కసారి కూడా లేపలేదు. బతికున్న మనిషి తనను కింద పెట్టి నిచ్చెన పైకి గుంజుకుంటున్నాడు. ఏ రోజైనా పులి మళ్లీ వస్తే అతని లెక్క మారదు. ఒకరన్నా దక్కినాం అనుకుంటాడు. ఇంకొకదాని బాపుకు చెబుతాడు, నిద్రలోనే పోయిందని.

ఆ పూట ఆమె పొయ్యి ముట్టించలేదు.

"గిప్పుడేం జేస్తవ్? ఊరంత చెప్తవా?" అన్నాడతను పైనుంచే.

"చెప్తే నాకేమొస్తది? ఉప్పు, మిరపకాయలు నాయి. బట్టలు, బంక, వ్యాను నీయి. ఆదిలాబాద్‌ల డేరాలు కుట్టిచ్చినంక ఉట్నూర్ అంగట్ల నన్ను దించిపో. నేను ఆడనే కూసుంట. నువ్వు తిరుగు."

"ఆడదానివి, ఒక్కదానివి, అడవిల..."

"ఇన్నొద్దులు ఎంతమందిమి ఉన్నం?"

అతను మూటల మధ్యకు జరిగాడు. ఎండ పైకి వచ్చి, చెట్ల కింద చీకటి పూర్తిగా పోయాకే నిచ్చెన దించాడు.

ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లు వెనక సత్తార్ దుకాణం. పత్తి బండ్ల మీద కప్పే తాడిపత్రీలు కుట్టి కుట్టి అతని గడ్డంలో ఎప్పుడూ దూది ఉంటుంది. వాళ్లను చూడగానే చాయ తెప్పించాడు. పాత డేరా గుడ్డను చేతిలో నలిపి చూసి నాలుక చప్పరించాడు.

"దీని పని ఖతం. ఇంక చెప్పు సేట్, పైనకా, కిందికా? పైనకైతే గాలికి ఊగుతది, తాళ్లు ఎక్కువ పెట్టాలె. కిందికైతే నీళ్లొస్తయి, చుట్టూ కాలువ తీసుకోవాలె. ఏదన్న ఏదో ఒక పరేషానే."

"రెండు గావాలె" అంది ఐలవ్వ. "ఆయనకు పైన. నాకు కింద."

సత్తార్ పర్శరాముల దిక్కు చూశాడు. అతను తల ఊపాడు.

"నాదానికి కిటికీ వద్దు" అన్నాడు.

"అరె, కిటికీ లేకుంటే ఉడికిపోతవు సేట్! మనిషివా, కుడుమువా?"

"ఉడికినా మంచిదే. వద్దన్న గద."

సత్తార్ నవ్వుకుంటూ గుడ్డ పరిచాడు. సుద్దముక్క తీసుకుని ఐలవ్వ వైపు తిరిగాడు.

"నీదానికి కొలత చెప్పు చెల్లె. ఒక్కదానికి చిన్నది సరిపోతది."

"చిన్నది సరిపోదు భాయ్. ఇద్దరు పండుకునేటట్టు ఉండాలె."

"సేటు పైన పంటడంటివి. మరి ఇంకొకరు ఎవలు?"

పర్శరాములు చాయను సగంలోనే కింద పెట్టాడు. ఐలవ్వ అతని వైపు చూడలేదు. గుడ్డ అంచును తన చేత్తో ఇంకొంచెం అవతలికి జరిపింది, ఇంకో చాప పట్టేంత.

"మా అక్క" అంది. "శానా రోజులసంది బయటనే నిలవడ్డది."