పద్దెనిమిది డిగ్రీలు

కంటెయినర్ తలుపు మీద అతికించిన చార్టులో తిరుమల్ 18 అని రాశాడు. తప్పు తెలిసేలోపు సూపర్‌వైజర్ ఆ చార్టును ఫోన్లో ఫొటో తీసి గ్రూపులో పెట్టేశాడు.

రాయాల్సింది 11.

ప్రపంచకప్పుకు ఇంకా పదిహేను నెలలే. ఈ అరబ్బు దేశపు స్టేడియం సైట్లో ఆ కూలింగ్ కంటెయినర్ జిగురు డబ్బాల కోసం. పన్నెండు డిగ్రీలు దాటితే ఆ జిగురు పనికిరాదు. డబ్బాల వెనక, క్లీనింగ్ కెమికల్ అని రాసిన రెండు నీలం డ్రమ్ముల్లో మాత్రం బీరు పులుస్తోంది. స్టోర్ కీపర్ జడ్సన్‌ది నర్సాపురం. అమెరికన్ పద్ధతి బీరు తయారీ ఒక ఇంజనీరు దగ్గర నేర్చుకున్నాడు. మొలకెత్తిన బార్లీతో చేసిన మాల్టు, తోడుగా మెత్తగా ఉడికించిన బియ్యం. పల్చగా, ఎండుగడ్డి రంగులో వస్తుంది. అది చలిలో నెమ్మదిగా పులవాలి. ఆ చలి అతనికి దొరికింది ఇక్కడే.

మొన్న రుచి చూసి వెన్న వాసన వస్తోందన్నాడు. రెండు రోజులు వెచ్చగా ఉంచితే పోతుందట. పద్దెనిమిదికి పెంచమనీ, చార్టులో పదకొండే రాయమనీ చెప్పాడు. తిరుమల్ కాదనలేకపోయాడు. అల్ షహానియా ఒంటెల శాలల్లో నాలుగేళ్ళు పేడ ఎత్తినవాడికి ఏసీ పని నేర్పి, మెడలో టెక్నీషియన్ కార్డు వేయించింది జడ్సనే. మీటరు చూడకుండా అంకె రాయొద్దని నేర్పిందీ అతనే. ఐదుసార్లు అబద్ధం రాసిన చెయ్యి ఆరోసారి అలవాటు కొద్దీ మీటర్లో ఉన్న అంకెనే రాసేసింది.

క్వాలిటీ ఇంజనీరు ముజఫ్ఫర్ అలీ పది నిమిషాల్లో వస్తున్నాడని కబురొచ్చింది. డ్రమ్ములు బయటికి తీద్దామంటే గేటు దాకా కెమెరాలే. ఈ దేశంలో దొంగ బీరుతో దొరికితే జైలు, తర్వాత ఇంటికి విమానం.

“మీటరు పాడైందని చెప్పు తమ్ముడూ,” అన్నాడు జడ్సన్.

“మీటర్ మంచిగనే ఉందన్నా. నిన్ననే చెక్ చేసి సంతకం పెట్టిన.”

“అయితే మర్చిపోయి తిప్పానని చెప్పు. నీకు తిట్లతో పోద్ది. నా పిల్లలు ఇక్కడే అల్ ఖోర్ బళ్ళో చదువుకుంటున్నార్రా.”

ముజఫ్ఫర్ అలీ వచ్చాడు. డబ్బాలన్నీ చూశాడు. ఫైలును ఒక నీలం డ్రమ్ము మీద పెట్టుకుని రాయసాగాడు. లోపల ఏదో బుడగ చిట్లిన చప్పుడైంది. పెన్ను ఆపి, ఇదేమిటని హిందీలో అడిగాడు. జడ్సన్ తిరుమల్ వైపు తిరిగాడు. పైపులు కడిగే మందని తిరుమల్ చెప్పాడు. మరి వేడి పెంచిందెవరని రెండో ప్రశ్న వచ్చింది. తానేనన్నాడు తిరుమల్. పొరపాటున తిప్పానన్నాడు.

ముజఫ్ఫర్ అలీ అరవలేదు. చెయ్యి చాచాడు. తిరుమల్ మెడలోంచి కార్డు తీసి ఇచ్చాడు. రేపటి నుంచి మోత పని, కూలీల బస్సు. పనికిరాని డబ్బాలను కూలీలు బయటికి మోసుకుపోయారు. వాళ్ళ వెనకే ముజఫ్ఫర్ అలీ కూడా వెళ్ళిపోయాడు.

జడ్సన్ చెమట తుడుచుకుని, డ్రమ్ము మూత ఎత్తి వాసన చూశాడు.

“బతికించావు. వెన్న వాసన పోయింది చూడు. వెళ్ళేముందు రెండు డిగ్రీలకు దించు తమ్ముడూ. మూడు వారాలాగితే మొదటి గ్లాసు నీకే.”

తిరుమల్ అతని వైపు చూశాడు. తాను తాగడని జడ్సన్‌కు తెలుసు.

మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. ఫ్యాను ఆగింది.

“కార్డు లేనోడు మీటర్ ముట్టద్దు గదన్నా.”

తలుపు బార్లా తెరిచి, ఆగస్టు ఎండలోకి నడిచాడు.