కరోనాకు ఏ రంగు?

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా జోగారావు బాబాయికి రంగులంటే భయం పట్టుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఆయనది. నేనూ అక్కడే పాఠాలు చెప్పేదాన్ని. గుడివాడ నుంచి వచ్చి ఎన్నేళ్లయినా, బంద్ అంటే చాలు, షట్టర్ సగం దించేసి లోపల ఫ్యాన్ కింద కూర్చునేవాడు.

సకల జనుల సమ్మె నడుస్తుండగా తుర్కయంజాల్‌లో ఒక స్కూలు సూర్యుడి బొమ్మ అడిగింది, గోడంతది. దాన్ని మన్సూరాబాద్ నుంచి వచ్చే జోస్నా చేసింది. కోర్సు పూర్తయ్యాక తన పేరుతో బయటికి వెళ్లబోయే మొదటి పని. అంతరిక్ష నౌక తీసిన ఫొటోలను నెట్‌లోంచి దించుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చి, సూర్యుడి చుట్టూ ఉండే పల్చని వాతావరణాన్ని, అదే కరోనాను, దారం దారంగా పైకి తెచ్చింది. నడుమ నల్లటి గుండ్రం. సూర్యుడి వెలుగు అన్నిటినీ మింగేయకుండా నౌకలోని కెమెరాకు ఒక బిళ్ల అడ్డం పెడతారు, ఎండలో మనం కంటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు.

బాబాయి వచ్చి చూశాడు. కరోనా అంతా గులాబీ రంగు. ఆయన ముఖం మాడిపోయింది.

సూర్యుడు ఎక్కడైనా గులాబీగా ఉంటాడా అని అడిగాడు. నౌక పంపేది వెలుగు ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నదేననీ, రంగు మనం వేసుకునేదేననీ నేను చెప్పాను. అదే తప్పయింది. మనం వేసుకునేదైతే ఉద్యమం జెండా రంగే దొరికిందా, మనవాళ్లు చూస్తే జోగారావు గోడ దూకాడంటారు, మార్చమన్నాడు. జోస్నా పసుపు వేసింది. చూడగానే తల కొట్టుకున్నాడు. అదీ ఒక పార్టీదే, ఈసారి షట్టర్ మీద రాళ్లు పడతాయట. ఆకుపచ్చ, కాషాయం, ఎరుపు, దేన్ని చూసినా ఎవరో ఒకరు అప్పటికే కర్రకు కట్టేసుకున్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నాకు నవ్వొచ్చింది గానీ జోస్నా నవ్వలేదు.

చివరికి అసలు బొమ్మే వద్దు, స్కూలుకు ఫోన్ చేసి చెప్పేస్తానన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"నీకేంటమ్మా, మీ రాజ్యం వచ్చేస్తోంది. రేపు మమ్మల్ని పొమ్మన్నా పొమ్మంటావు."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. జోస్నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మౌస్ వదిలేసి మెల్లగా చెప్పింది.

"గది జెండా రంగు కాదు సార్. కుసుమ మేడం మా అమ్మకు పెట్టిన చీర రంగు. మంచిగ కనిపిస్తదని ఏసిన, గంతే."

కుసుమ అంటే మా పిన్ని, బాబాయి భార్య. జోస్నా కోర్సు పూర్తయినప్పుడు వాళ్లమ్మ సారమ్మ ఇంటికి వచ్చింది. పిన్ని అలవాటుగా బొట్టు పెట్టబోయి, వాళ్లు క్రైస్తవులని గుర్తొచ్చి నాలిక్కరుచుకుని, తన కోసం కొనుక్కున్న చీర తెచ్చి చేతిలో పెట్టింది. అప్పుడు నేను పక్కనే ఉన్నాను.

బాబాయి పిన్నికి ఫోన్ చేశాడు. సారమ్మకు పెట్టిన చీర ఏ రంగని అడిగాడు. పిన్ని గొంతు మా అందరికీ వినిపించింది.

"గులాబీ. ఏం, రంగు పోతోందా?"

"లేదు, నిలిచింది" అని ఫోన్ పెట్టేశాడు.

తర్వాత జోస్నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, గులాబీని మళ్లీ తెప్పించుకున్నాడు. బొమ్మ కింద మూలన చిన్నగా ఉన్న ఆమె పేరు మీద వేలు పెట్టి, అది గోడ మీద కనబడదమ్మా, పెద్దది చెయ్యి అన్నాడు.