గోలుకు కట్టిన వల

గోలు ముందు కొంగ నిలబడి ఉంది.

తెల్లటి కొంగ. దాని కింద మడమల లోతు నీళ్లు.

వాన నీళ్లు కావవి. వాన పడి నెల దాటింది. పార్కు పైపు ఎప్పుడో పగిలింది... అప్పటి నుంచి గోలు ముందు ఓ చిన్న మడుగు, మడుగులో ఈ కొంగ.

దుర్గారావు గట్టు మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు. వేట నిషేధం రోజులు. చేపలు గుడ్లు పెట్టుకునే రెండు నెలలూ సముద్రం మీదికి వెళ్లకూడదు. పడవలన్నీ ఇసుకలో పక్కకు ఒరిగి పడుకున్నాయి. ముప్పై ఏళ్లుగా వల లాగిన చేతులకు పని లేదు.

కొంగ పక్కనే అతని కూతురు ధనశ్రీ.

పదిహేనేళ్ల పిల్ల. జాలరి వాడ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు గోల్ కీపర్. కుడివైపు దూకితే నీళ్లలో పడుతుంది. ఎడమవైపు దూకితే గుంటలో పడుతుంది. అందుకని ఉన్నచోటే నిలువునా ఎగరడం నేర్చుకుంది.

ఆమె మ్యాచ్ అతను ఒక్కటీ చూడలేదు.

మూడేళ్లలో ఒక్కటీ. మ్యాచ్‌లు ఆదివారం పొద్దున... ఆదివారం పొద్దున అతను నీళ్ల మీద. అతను ఒడ్డున ఉండే ఈ రెండు నెలలూ ఎండలకు మ్యాచ్‌లే ఉండవు. చూసేది భార్య సీతాలు. చేపల తట్ట దించి, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని పరుగున వెళ్లి చూసొస్తుంది. ఎలా ఆడిందే అని అడిగితే ఎప్పుడూ ఒకటే మాట.

"సూడాల మావా. సెప్తే తెల్దు."

ఈసారి చూస్తాడు. నిషేధం ఆఖరి రోజు ఆదివారం పడింది. ఎండలు తగ్గాక మొదటి మ్యాచ్ ఆ పొద్దునే, దువ్వాడ జట్టుతో, ఈ పార్కులోనే. మర్నాడు పడవ నీళ్లలోకి దిగుతుంది. దొరికింది ఆ ఒక్క ఆదివారమే.

అంతలో శ్రీరామ్మూర్తి మాస్టారు వచ్చారు.

రిటైరైన డ్రిల్లు మాస్టారు. పిల్లల పోటీలు నడిపేది ఆయనే. చేతిలో గొడుగు. గొడుగు మొనతో గ్రౌండంతా పొడుచుకుంటూ నడిచారు. మీటింగు షామియానాకు తవ్విన గుంటలు. పెళ్లి షామియానాకు తవ్విన గుంటలు. తవ్వినవాళ్లలో పూడ్చినవాడు ఒక్కడూ లేడు. సీసా పెంకులు. ఉప్పుగాలికి తుప్పుపట్టిన గోలు స్తంభాలు, వాటికి నెట్టు లేదు. గేటు దగ్గర బోర్డు మాత్రం కొత్తగా మెరిసిపోతోంది — ఆటలే ఆరోగ్యం అని.

పిల్లలు ఫోన్‌లో మున్సిపల్ ఆఫీసుకు నాలుగుసార్లు ఫిర్యాదు పెట్టారు. నాలుగుసార్లూ జవాబు వచ్చింది. మీ సమస్య పరిష్కరించబడినది.

పరిష్కరించబడిన ఆ నీళ్లలోనే కొంగ తాపీగా పురుగులు ఏరుకుంటోంది.

"పిల్లల కాళ్లు విరుగుతాయి బాబూ," అన్నారు మాస్టారు. "ఆదివారంలోగా ఇది బాగుపడకపోతే మ్యాచ్ మధురవాడలో అద్దెకిచ్చే టర్ఫ్ గ్రౌండుకి మార్చేస్తాను. అక్కడ బుధవారమే ఖాళీ."

బుధవారం.

బుధవారానికి దుర్గారావు ఒడ్డు కనపడనంత దూరంలో ఉంటాడు. లేచి నిలబడ్డాడు.

సాయంత్రానికి గునపం, తట్ట పట్టుకొచ్చాడు. అతనితో పడవలో వెళ్లే జగ్గయ్య అటుగా వస్తూ ఆగాడు.

"ఏటి బావా, ఏటి సేత్తన్నావ్?"

"గ్రౌండు బాగు సేత్తన్నాను."

"ఆఫీసోళ్లు సెయ్యాల గదా?"

"ఆళ్లు సేసీసినామని రాసీసినారు. ఇంక మిగిలింది మనమే."

జగ్గయ్య కాసేపు నవ్వాడు. తర్వాత లుంగీ ఎగ్గట్టాడు.

మర్నాటికి ఎనిమిది మంది అయ్యారు. పడవ చిల్లుకు వేసే అతుకే పైపుకూ వేశారు — నీళ్లు ఆగాయి, కొంగ అలిగి వెళ్లిపోయింది. పెంకులు ఏరారు. గుంటలు పూడ్చారు... దేనితో అనుకున్నారు? ఒడ్డున ఊరికే దొరుకుతుంది కదా అని సముద్రపు ఇసుకతో. ఆడపిల్లలు పరుగెత్తబోతే కాళ్లు చీలమండల దాకా దిగబడ్డాయి. ధనశ్రీ నవ్వి నవ్వి అక్కడే కూలబడింది. మళ్లీ ఇసుకంతా తోడి, ఆటోలో ఎర్రమట్టి తెచ్చి, నీళ్లు చల్లి, కాళ్లతో తొక్కారు.

గోలు వల మాత్రం దుర్గారావు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

నాలుగు రోజులు అల్లాడు. కన్ను తర్వాత కన్ను. ముడి తర్వాత ముడి. నైలాన్ తాడు వేళ్ల మధ్య దానంతటదే నడిచింది. అలా నడిచి నడిచి... వల చివర సంచి కూడా అల్లుకుపోయింది. ఒడ్డు నుంచి లాగే పెద్ద వలకు ఉంటుందే, ఆ సంచి. నోరు వెడల్పు, లోపల ఇరుకు. దాంట్లోకి పోయింది ఏదైనా వెనక్కి రాదు.

వాడ వాడంతా వచ్చి చూసింది. ఒక్కరికీ తప్పనిపించలేదు. జగ్గయ్య అయితే సంచిలో చెయ్యి పెట్టి లాగి చూసి మురిసిపోయాడు.

"సొరసేప కూడా రాదు బావా ఇందల్నించి."

రెండో గోలుకూ అలాంటిదే అల్లాడు.

ఆదివారం వచ్చింది. మాస్టారు గొడుగుతో పొడిచారు. గొడుగు దిగలేదు. ఇంకోచోట పొడిచారు. అక్కడా దిగలేదు.

"ఊఁ," అన్నారు. రిఫరీకి విజిల్ ఇచ్చారు.

పదో నిమిషంలో దువ్వాడ పిల్ల ఒకతి బంతిని గట్టిగా తన్నింది. ధనశ్రీ కుడివైపు దూకింది. మూడేళ్లలో మొదటిసారి — అక్కడ నీళ్లు లేవు, నేల ఉంది. పూర్తిగా చాచి దూకింది. బంతి వేలి చివర తగిలి లోపలికి పోయింది.

వలలోకి. సంచిలోకి.

ఇక రాలేదు.

రిఫరీ లాగాడు. రాలేదు. గోలు కొట్టిన పిల్ల లోపలికి దూరింది. బంతి రాలేదు సరికదా, పిల్ల చిక్కుకుంది. ఉన్నది ఒకటే మంచి బంతి. ఆట ఆగిపోయింది.

దుర్గారావు తల దించుకుని గ్రౌండులోకి నడిచాడు. ముందు పిల్లను విడిపించాడు. తర్వాత భుజం దాకా చెయ్యి పెట్టి, ముడి వదులు చేసి, బంతిని తీశాడు.

ఒళ్లంతా ఎర్రమట్టితో, నడుం మీద చేతులు పెట్టుకుని ధనశ్రీ నిలబడి ఉంది.

"నాన్నా, ఇది సేప కాదు. మళ్లీ బయటికి రావాల."

"తెల్దే తల్లీ. వల్లో పడ్డది ఒగ్గీడం నాకెవులూ నేర్పనేదు."

రిఫరీకి నవ్వు ఆగలేదు. "ఆట అయ్యేదాకా నువ్విక్కడే ఉండు బాబూ, గోలు వెనక," అన్నాడు. అవతలి గోలు వెనకకు జగ్గయ్యను పంపారు.

అలా దొరికింది అతనికి ఆ చోటు.

సీతాలు గీత అవతల ఎక్కడో జనంలో ఉంది. మాస్టారు కుర్చీలో ఉన్నారు. దుర్గారావు మాత్రం కూతురికి రెండు బారల దూరంలో. ఆమె కాలివేళ్లు మట్టిని పట్టుకోవడం కనిపిస్తోంది. బంతి దూరంగా ఉన్నప్పుడు తనలో తాను గొణుక్కోవడం వినిపిస్తోంది. పదిమందినీ పేరుపేరునా పిలిచి, అటు పో, ఇటు రా అని అదిలిస్తోంది. ఇంట్లో ఆ గొంతు అతను ఎప్పుడూ వినలేదు. గర్వంతో అతని కళ్లు చెమర్చాయి. తుడుచుకోలేదు.

సగం ఆటకు ఆమె గోలు మారింది. అతనూ ఆమె వెంటే మారాడు.

మన పిల్లలు ఒకటి కొట్టారు. బంతిని తీయడానికి జగ్గయ్యకు చాలాసేపు పట్టింది. ఒకటికి ఒకటి.

ఆఖరి నిమిషంలో విజిల్ మోగింది. దువ్వాడకు పెనాల్టీ.

బంతిని తెచ్చి తెల్లటి చుక్క మీద పెట్టారు. ధనశ్రీ అరచేతులకు మట్టి రుద్దుకుంది. దుర్గారావు రెండు చేతులా వల అంచు పట్టుకున్నాడు.

వల వేసిన ప్రతిసారీ గంగమ్మకు మొక్కుకోవడం అతని అలవాటు. ముప్పై ఏళ్లుగా ఒకటే మొక్కు — నిండాలని. పెదాలు అలవాటుగా కదిలాయి... ఆగాయి. మళ్లీ కదిలాయి.

ఖాళీగా ఉంచు తల్లీ. ఈ ఒక్కసారికి ఖాళీగా ఉంచు.

దువ్వాడ పిల్ల పరుగు అందుకుంది. ధనశ్రీ కుడివైపు గాల్లోకి లేచింది.