నారమ్మ వేలిముద్ర

దేవమ్మ చేనులోకి జేసీబీ దిగిన పొద్దున నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. అల్లం పెట్టడానికి ఆమె నెల రోజులుగా తీర్చుకున్న మట్టి బెడ్లు ఒక్కొక్కటే చదునైపోయాయి. డ్రిప్పు పైపులు చక్రాలకు చుట్టుకుని తెగాయి. దేవమ్మ అడ్డం పోతే ఇద్దరు కానిస్టేబుళ్ళు రెక్కలు పట్టి లాగారు. నాకు ఏడుపు రాలేదు. లోపలెక్కడో చల్లగా అనిపించింది. మా ఇద్దరిలో ముందు దెబ్బ తగిలింది ఆమెకు, నాకు కాదు.

కార్మికులారా, విద్యార్థులారా, ఈ మాట దాచి మిగతా కథ చెబితే నేను అబద్ధాలకోరునవుతాను. శత్రువు గురించి మనం చాలా రాసుకున్నాం. మన కడుపులో పెరిగిన కుళ్ళు గురించి తక్కువ రాసుకున్నాం. మా మూడు వందల ఎకరాలు పోబోయింది ఆ కుళ్ళు వల్లే.

మాది మొగుడంపల్లి వైపు ఊరు. నేను, జగదీశ్‌ని, పై వాడ రైతును. దేవమ్మది కింది వాడ. మా తాతలకు సర్కారు పట్టాలిచ్చిన భూములు రెండు వాడలవీ పక్కపక్కనే ఉన్నాయి. ఫ్యాక్టరీలు వస్తాయి, ఖాళీ చేయండని రెండేళ్ళ కింద నోటీసులొచ్చాయి. అప్పుడు మదన్‌మోహన్ వచ్చాడు. అప్పటికి ఆయన ప్రతిపక్ష నాయకుడు. జహీరాబాద్‌లో ఆయన మీటింగంటే జనం లారీలెక్కి పోయేవారు. తహసీల్ ఆఫీసు ముందు టెంటు వేసుకుని మాతోపాటు డెబ్బై రోజులు కూర్చున్నాడు.

"మీ చెలకల మీద చెయ్యి పడాల్నంటె ముందుగాల నా పీనుగ దాటి పోవాలె" అన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

టెంటు కర్రలు పాతింది నేను. నీళ్ళ డ్రమ్ము మోసింది నేను. మైకు మాత్రం ఆయన దేవమ్మకిచ్చాడు. ఆమె మాట్లాడితే కానిస్టేబుళ్ళు కూడా ఫోన్లు జేబులో పెట్టి వినేవారు. మరునాడు పేపర్లో ఆమె ఫోటో పడింది. పక్కన నా భుజం ఒక్కటే పడింది. ఆ పేపరు మడిచి దాచుకున్నాను, తీసి చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది.

మదన్‌మోహన్‌కు ఒక అలవాటుంది. ఊరికొచ్చిన ప్రతిసారీ ఒకే ఇంట్లో తింటాడు. ఎవరింట్లో తింటే ఆ వాడకు ఆరోజు పండగ. ఒకసారి మా ఇంటికొస్తాడని నా భార్య మహేశ్వరి కోడి కోసి వండింది. ఆయన కింది వాడలో ఆగి దేవమ్మ చేతి జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర తిని వెళ్ళిపోయాడు.

"ఆమె కూరల ఏం కలిపిందో అడుగు పో" అని మహేశ్వరి గిన్నె ఎత్తి నా ముందు కుదేసింది.

ఆ మంట మీదనే తప్పు చేశాను. హైకోర్టులో కేసు వేద్దామని మదన్‌మోహన్ అన్నాడు. "ఒక్కొక్కరు రెండు తెల్ల కాగితాల మీద సంతకం పెట్టియ్యిన్రి. వకీలు రాసుకుంటడు. ఏ వాడ ఎక్కువ తెస్తదో సూస్త" అన్నాడు.

దేవమ్మ ఒప్పుకోలేదు. "రాయని కాగితం మీద ఏలిముద్ర ఎట్ల ఏస్తమన్నా? రాసి సదివి ఇనిపియ్యి, గప్పుడు ఏస్తం" అంది.

నాకు సందు దొరికింది. రెండు రోజుల్లో పై వాడ అంతా తిరిగాను. అది చాలలేదు. దేవమ్మ కూలికి పోయిన మధ్యాహ్నాలు చూసి కింది వాడకు పోయాను. దేవమ్మ అత్త నారమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పట్టా ఆమె పేరు మీదనే ఉంది.

"అవ్వా, కోర్టు కాగితం. జర ఏలెయ్యి" అన్నాను.

"నా కోడలు ఒద్దన్నది గద బిడ్డా?"

"దేవమ్మకు లీడరై కూసుండుడే ఎక్కువైంది. నీ భూమి నీకొద్దా?"

ముసలామె నా మొహం చూసింది. "నువ్వు చెప్తున్నవ్ గద" అని వేలు ఇచ్చింది. ఆ వేలిని నేనే ఇంకు ప్యాడ్ మీద ఒత్తాను. కింది వాడ కాగితాలు కూడా నా చేతుల్లో చూసి మదన్‌మోహన్ నా వీపు తట్టాడు. దేవమ్మ మొహం మాడింది, వాటిలో తన అత్తది కూడా ఉందని ఆమెకు తెలియదు. ఆ పూట అన్నం రుచిగా తిన్నాను.

ఎన్నికలు మూడు నెలలున్నాయనగా హైవే మీది ఫంక్షన్ హాల్లో మదన్‌మోహన్ అధికార పార్టీ కండువా కప్పుకున్నాడు. పటాకులు పేలుతుంటే మేం రోడ్డు అవతల నిలబడి చూశాం. డెబ్బై రోజులు తిట్టిన మంత్రి పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. దేవమ్మ రోడ్డు దాటి పోయి గేటు దగ్గర అరిచింది. గన్‌మెన్లు నెట్టేశారు. నేను అరవలేదు. ఎందుకంటే ముందురోజు సాయంత్రం ఆయన మా ఇంట్లో తిన్నాడు.

అవును, ఆఖరికి వచ్చాడు. మా మంచం మీద కూర్చుని మహేశ్వరి వండిన కోడి మెచ్చుకున్నాడు. "ఆడ ఉండి కొట్లాడితె ఏమొచ్చింది జగదీశ్? సర్కారుల ఉంటెనే పని అయితది. ముందుగాల కింది వాడ జాగనే తీస్కుంటరు. నీ పై వాడకు ఫికర్ లేదు. నువ్వు నా మనిషివి" అన్నాడు. నేను తలూపాను. ఆయన పోయాక మహేశ్వరి అడిగింది.

"కింది వాడ పోయినంక మన గట్టు కాడ ఆగుతరా ఆళ్ళు?"

వారం తిరక్కుండా జేసీబీ వచ్చింది.

ఇప్పుడు ఆ గట్టు దగ్గరికే వద్దాం. "మేం ఇయ్యం అన్నంక ఎట్లొచ్చిన్రు?" అని దేవమ్మ తహసీల్దారును నిలదీసింది. ఆయన కట్ట విప్పి ఒక కాగితం చూపించాడు. దేవమ్మ కూతురు వర్షిత జహీరాబాద్‌లో డిగ్రీ చదువుతోంది, ఆ పిల్ల పైకి చదివింది. "భూమిని నా ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను." కింద నీలం వేలిముద్ర. నారమ్మది. వర్షిత తర్వాతి కాగితాలూ తిప్పింది. అన్నిటి మీదా అదే మాట టైపు చేసి ఉంది. కింది వాడ అయిపోయాక పై వాడ మొదలైంది. మొదటి సంతకం నాది. లోపలి చల్లదనం ఎటు పోయిందో తెలియదు.

ఆ సాయంత్రం కింది వాడ చర్చి ముందు అందరూ కూడారు. పై వాడ నుంచి మహేశ్వరే నన్ను లాక్కొచ్చింది.

"గా ఏలిముద్ర నేనే ఏయించిన" అన్నాను. "దేవమ్మకంటె ఎక్కువ తెచ్చినని అనిపిచ్చుకోవాల్నని ఏయించిన. కింది వాడ పోతదని ఆయన ముందే చెప్పిండు. ఇని ఊకున్న."

కింది వాడ సురేశ్ లేచి నా చొక్కా పట్టుకున్నాడు. "మీ పై వాడోళ్ళకు మేం మైకు పట్టుకుంటెనే ఓర్వబుద్ధి కాలె గదరా!" ఒక్కటి తగిలించాడు. తగలాల్సిందే. పై వాడ మగవాళ్ళు కర్రలు వెతుక్కున్నారు. దేవమ్మ మధ్యలోకి వచ్చింది.

"ఆగున్రి! జగదీశన్నా, నీ కుళ్ళు నాకు ముందుగాలనే ఎరుక. నువ్వు నా దిక్కు సూసి మండుతుంటె నాకు మస్తు మజా అయితుండె. నీ ఇంట్ల కోడి సల్లారింది అంటె నవ్వుకున్న. మనిద్దర్నీ గిట్ల ఎగేసి వాడు రెండిండ్లల్ల మంచిగ తిన్నడు. మాఫ్ చెయ్యమని అడగకు, చెయ్య. మా అత్తకు చెప్పుకో. గని రేపు ఏం చేద్దామో అది చెప్పు."

నారమ్మ నా వేళ్ళకేసి చూసి మొహం తిప్పుకుంది.

గంటన్నర వాదులాడుకున్నారు. కోర్టన్నారు, రాస్తారోకో అన్నారు. చివరికి మూడు తేల్చారు. ప్రతి కాగితం అందరి ముందు రాసి, చదివి వినిపించాకే సంతకం. నేను మోసం చేసి వేలిముద్రలు తీసుకున్నానని నా పేరుతో రాసి కలెక్టరుకివ్వాలి. మూడోది మహేశ్వరి చెప్పింది.

"అల్లం పెడదాం. పెట్టినంక తొమ్మిది నెలలు భూమిల ఉంటది. తొమ్మిది నెలలు మనం కదిలేది లేదు."

మా దగ్గర విత్తనపు అల్లం ఎవరూ ఎవరికీ ఇవ్వరు. నీడలో గడ్డి కప్పి దాచుకుంటారు, అన్నదమ్ముడు అడిగినా లేదంటారు. మరునాడు పొద్దున మహేశ్వరి మా గడ్డి కుప్ప విప్పి బుట్ట నింపింది. ఆమె వెనక పై వాడ ఆడవాళ్ళు బుట్టలతో కదిలారు. ముందు దేవమ్మ చేనే. జేసీబీ చదును చేసిన చోట రెండు వాడలూ బెడ్లు మళ్ళీ ఎత్తాయి.

మూడో రోజు పోలీసు వ్యాను వచ్చింది, వెనక మదన్‌మోహన్ కారు. "జగదీశ్, నువ్వన్న చెప్పు ఈళ్ళకు" అని పిలిచాడు. ఆ పిలుపు కోసం రెండేళ్ళు ఎదురుచూసినవాణ్ణి నేను. "ఈడికెల్లి పో" అన్నాను. నేను కలెక్టరుకు రాసిచ్చిన కాగితాన్నే ఎస్సై విప్పాడు.

"మోసం జేసి ఏలిముద్రలు తీస్కున్నవని నువ్వే రాసిచ్చినవ్. ఎక్కు."

టైపు కొట్టించినవాడి మీద కేసు లేదు. దేవమ్మ వ్యాను ముందు కూర్చుంది, సురేశ్ కూర్చున్నాడు, రెండు వాడలూ కూర్చున్నాయి. "కాగితం వాపస్ తీస్కున్నం, భూమి ఇయ్యం!" అని దేవమ్మ అరిస్తే అవతలి ఊరు చిరాగ్‌పల్లి దాకా వినిపించేంత జవాబు వచ్చింది. వాళ్ళను లాగి నన్ను కదిలించడానికి రెండు గంటలు పట్టింది.

ఇది సంగారెడ్డి జైలు నుంచి రాస్తున్నాను. నిన్న ములాఖత్‌కు మహేశ్వరి, దేవమ్మ కలిసే వచ్చారు. పక్క రెండు ఊళ్ళవాళ్ళూ తమ తెల్ల కాగితాలు వాపస్ అడుగుతున్నారట. జేసీబీ రెండుసార్లు గట్టు దాకా వచ్చి తిరిగిపోయిందట. మా పై వాడ చేన్లలో కూడా అల్లం పెట్టడం అయిందట, ఆఖరి బెడ్డులో నారమ్మ కూడా కూర్చుని ముక్కలు పెట్టిందట. ఇద్దరి గోళ్ళలో ఎర్రమట్టి ఉంది. నా చేతులు శుభ్రంగా ఉన్నాయి. దేవమ్మను చూసి మళ్ళీ ఓర్వలేకపోయాను. ఈసారి ఆమెతోనే చెప్పాను.

"బయటికి రా, కలుపు తీసే పని నీకుంచినం" అంది.