సత్తు మంచం

నేను ఒక చట్రాన్ని. కాగితాల మీద నా పేరు పిలాటిస్ యంత్రపు అల్యూమినియం చట్రం. భీమిలిలో సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉన్న ఈ గదిలో మాత్రం ఎర్రమ్మ పెట్టిన పేరే ఖాయమైంది: సత్తు మంచం.

గత జన్మలో నేను కొంత కిటికీ రెక్కలు, కొంత అన్నం గిన్నెలు. కరిగించారు, సాగదీశారు, కోశారు. నన్ను కొన్నది ఎర్రమ్మ కూతురు నూకరత్నం. విశాఖలో వ్యాయామం నేర్పే ఉద్యోగం మానేసి, నడుంనొప్పి మనుషుల కోసం ఈ గది తెరిచింది. నా మీద ఒక మెత్తటి బల్ల చక్రాలపై జరుగుతుంది. మనిషి దానిమీద పడుకుని కాళ్లతో నెడితే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. ఆ లాగుడులోనే వైద్యం. చట్రం నూలుపోగంత కదిలినా నొప్పి మనిషి భయంతో బిగుసుకుపోతాడు.

నాకు ముందు ఇద్దరు ఓడిపోయారు. మొదటిది ఇనుప చట్రం. ఉప్పుగాలికి మూడు నెలల్లో తుప్పు కక్కి ఒక టీచరమ్మ తెల్లచీరని పాడుచేసింది. ఇప్పుడు పెరట్లో చిక్కుడు పాదుని మోస్తోంది. రెండోది నున్నటి విదేశీ చెక్క. ఏసీ గదుల్లో అది మహారాణి. ఇక్కడ కిటికీలు మూయరు. జూలై వానలకి ఉబ్బి బల్లని పట్టేసింది. ఇప్పుడు గుమ్మం బయట, చెప్పులు విప్పుకునేవాళ్లకి ఆసనం.

మనుషులు వస్తువుని చూసి కొంటారు. అది ఏ గాలిలో బతకాలో చూడరు. నూకరత్నం మూడోసారికి చూసింది.

"సత్తు గిన్నెలో అన్నం వొండుతారు గానీ, మనుసులు తొంగుంటారేటే?" అంది ఎర్రమ్మ నన్ను చూసిన రోజే. ముప్పై ఏళ్లు చేపల గంప మోసి ఆమె నడుం పట్టేసింది. అయినా నన్ను ఎక్కలేదు. "నానెక్కనంతే!"

సత్తుకీ సత్తువకీ ఒక్క అక్షరమే తేడా. ఆ అక్షరం సంపాదించి తీరాలని నేను పట్టుపట్టాను.

అవకాశం ఒక సోమవారం వచ్చింది. ఆస్పత్రిలో ఎముకల డాక్టరు పట్నాయక్ తొమ్మిదిన్నరకి వస్తానన్నాడు. నన్ను చూసి నమ్మితే తన రోగుల్ని పంపుతాడు. లేకపోతే అద్దె కట్టలేక నెలాఖరుకి గది ఖాళీ.

ఏడింటికి నూకరత్నం బల్లని ఒకసారి నెట్టి చూసింది.

టక్.

వంగి చూసింది. నా బోల్టుల చుట్టూ ముగ్గుపిండిలాంటి తెల్లటి పొడి. రంధ్రాలు వదులయ్యాయి. "నువ్వు కూడానా?" అంది. నాకు నోరుంటే అరిచేవాణ్ణి.

టీ గ్లాసుతో వచ్చిన ఎర్రమ్మ ఆ పొడిని వేలితో రాసి చూసి నవ్వింది.

"ఇది సత్తు తప్పు కాదే. ఇనప బోల్టులెట్టినోడి తప్పు. పడవింజను కాడ ఇలాగెడితే మీ అయ్య చెడతిట్టీవోడు. ఉప్పుగాల్లో సత్తుకీ ఇనుముకీ సవితిపోరు. స్టీలు బోల్టెయ్యాల, మజ్జిన రబ్బరెట్టాల."

"ఇప్పుడెక్కడ దొరుకుతాయమ్మా?"

"నువ్విప్పు. నాను తెత్తాను."

నడుం మీద చెయ్యి వేసుకుని, పడవలు బాగుచేసే షెడ్డుకి బయల్దేరింది. ఇక్కడ పదహారు బోల్టులు. పద్నాలుగు ఊడాయి. రెండు మొండికేశాయి. నూకరత్నం రంపం తీసింది. నా ఒంటికి గీత పడకుండా వాటిని కోసింది. ఎనిమిదిన్నర. తొమ్మిది. అమ్మ జాడ లేదు.

తొమ్మిదింపావుకి గుమ్మంలో ఆయాసం వినిపించింది. కొంగుముడి నిండా స్టీలు బోల్టులు, రబ్బరు బిళ్లలు. "ఒక సైజు పెద్దవి తెచ్చినాను, రంధ్రాలు వొదులయ్యాయి కదా. షెడ్డోడు ముందు లేవన్నాడు. డబ్బా నానే బోర్లించీసినాను!"

పదహారో బోల్టు బిగిస్తుండగా కారు ఆగింది. పట్నాయక్ చెక్క చట్రం మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. ఆ మహారాణి మాకు రెండు నిమిషాలు సంపాదించిపెట్టింది.

"ఏమ్మా, ఈ చట్రం ఇంత తేలిగ్గా కనిపిస్తోందేమిటి? నేను నూట నాలుగు కిలోలు."

"పడుకోండి సార్."

నెట్టాడు. నూకరత్నం ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. స్ప్రింగులు సాగాయి, ముడుచుకున్నాయి. పదిసార్లు. టక్ లేదు.

ఆయన లేవలేదు. కళ్లు మూసుకుని, "ఇంకో పది చెయ్యొచ్చా?" అన్నాడు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగాడు. "బుధవారం ముగ్గుర్ని పంపుతాను. నాలుగోవాణ్ణి నేనే."

కారు వెళ్లాక చూస్తే ఎర్రమ్మ గోడకి చేరగిలబడి ఉంది. షెడ్డు దాకా నడిచిన నడక ఇప్పుడు నడుములో సలుపుతోంది. నూకరత్నం నా దగ్గరికొచ్చింది. బల్ల మీద చేత్తో తట్టింది, అంతే.

ఎర్రమ్మ నన్ను ఎగాదిగా చూసింది. కొంగు దోపుకుంది. "కింద పడేసినావంటే ఊరుకోను," అని నాతోనే అంది. పడుకుంది. పాదాలు ఆనించి నెట్టింది.

ఒకటి అనలేదు. చేపలమ్మేటప్పుడు మొదటి లెక్కని శుభంగా పలికినట్టే, "లాభం," అంది. తర్వాత, "రెండు."

బల్ల జరిగింది. నేను కదల్లేదు.